ఆంప్ వేడెక్కేదాకా

మా రోజుల్లో గిటార్ వాయించేవాడి ఇల్లు ఏదో గల్లీకంతా తెలిసేది. సరూర్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటికి పాలు పోసే ఆయన గిన్నె తిరిగి ఇస్తూ, "మొన్నటికంటే నిన్న జర సాఫ్‌గ వచ్చింది సారూ, ఆ బిట్టు" అని చెప్పి పోయేవాడు. ఆయన ఏనాడూ సంగీతం నేర్చుకోలేదు. రోజూ విన్నాడు, అంతే. ఇప్పుడు చైతన్యపురిలో ఏ హాస్టల్ మెట్లెక్కినా ఏదో ఒక గదిలో మంచానికి ఆనించిన ఎలక్ట్రిక్ గిటార్ కనపడుతుంది. వినపడదు. పిల్లవాడు వాయిస్తూనే ఉంటాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, ఒళ్లో గిటార్, ముందు లాప్‌టాప్. గుమ్మంలో నిలబడ్డవాళ్లకు తీగ మీద ప్లెక్ట్రమ్ గీసుకుంటున్న టిక్కు టిక్కు తప్ప ఇంకేమీ తెలియదు. పాట ఎక్కడో లోపల జరుగుతుంటుంది.

నాకు దీనిమీద కోపం ఉంది. ఎందుకో వివరంగానే చెబుతాను.

నేను 1979 నుంచి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో లీడ్ గిటార్ వాయించినవాణ్ని. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు ప్రోగ్రాం ఉందంటే మెటాడోర్ వ్యాన్ దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర ఆగేది. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డా, సాగర్ రోడ్డా అని తేలేది. అది దాటితే దీపాలు పలచబడేవి. వ్యాన్‌లో కాంగో డ్రమ్స్, అకార్డియన్, మైక్‌సెట్ పెట్టెల మధ్య పాత దుప్పటిలో చుట్టి నా ఆంప్లిఫయర్. మనుషులు ఇరుక్కుని కూర్చున్నా ఫర్వాలేదు, దానిమీద మాత్రం ఎవరూ కాలు పెట్టకూడదు.

గిటార్ కలకత్తా గివ్సన్. ఆంప్ మాత్రం కోఠిలో చేయించుకున్నది. గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని తెచ్చిస్తే, రేడియోలు బాగుచేసే ఒక మెకానిక్ మూడు వారాల్లో కట్టిచ్చాడు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి ఇ.ఎల్.84 వాల్వులు రెండు, ముందు భాగంలో ఇ.సి.సి.83 ఒకటి, పన్నెండంగుళాల స్పీకర్. ట్రాన్స్‌ఫార్మర్ ఆయనే చేత్తో చుట్టాడు. పదిహేను వాట్లు వచ్చేవేమో. బీటిల్స్ వాడిన వోక్స్ ఏసీ30లో ఉండేవి కూడా ఈ ఇ.ఎల్.84లే, నాలుగు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలియకముందే ఆ వాల్వు గొంతు నా చెవికి ఎక్కి ఉంది.

స్విచ్ వేసిన వెంటనే అది పలికేది కాదు. వాల్వులో ఫిలమెంటు ఎర్రబడి వేడెక్కడానికి దాదాపు నిమిషం పట్టేది. ఆ నిమిషంలో ఆరు తీగలు శ్రుతి చేసుకునేవాణ్ని. తర్వాత సన్నగా ఒక ఊపిరి వినపడేది, ఇక వాయించవచ్చని. వాల్యూమ్ మూడులో పెడితే గంటలా సాఫ్, ఏడుకు పోతే గొంతు బొంగురు. ఆ మధ్యలో ఎక్కడ పట్టుకోవాలో పాటనుబట్టి ఉండేది. ఊళ్లలో రాత్రి పదయ్యాక ఓల్టేజీ పడిపోతే శబ్దం కూడా కాస్త మెత్తబడి కూలబడేది. వేళ్లు దానికి తగ్గట్టు బరువు మార్చుకునేవి. మద్రాసులో ఇళయరాజా దగ్గర సదానందం గారు వాయించిన బిట్లు క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి నేర్చుకుని, ఈ ఒక్క డబ్బాతో ఆ రంగు తీసుకురావడానికి నానా తంటాలు పడేవాణ్ని. వేరే దారి లేదు. కాబట్టి డబ్బాను వినడం నేర్చుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో వినాయక చవితి పందిళ్లకు వాయించిన రాత్రులు నాకింకా కళ్లముందే ఉన్నాయి. కోణార్క్, వెంకటాద్రి థియేటర్లలో సెకండ్ షో వదిలితే జనం ఇంటికి పోకుండా పందిరి ముందు ఆగేవాళ్లు. కీబోర్డ్ ఆయన నా వైపు చూసి తల ఊపితే నేను తగ్గేవాణ్ని. గాయని గాలి పీల్చుకునే చోట నా బిట్టు దూరేది. ఎవరి శబ్దం ఎవరికి అడ్డం వస్తుందో పక్కపక్కన నిలబడ్డవాళ్లకు ఒంటికే తెలిసేది. ఆంప్ పాడైతే కోఠి బస్సెక్కితే చాలు. మెకానిక్ పెట్టె మీద చెయ్యి వేసి, "హమ్మింగా? కండెన్సర్ పోయింది. చిటపటలా? వాల్వు కింద సాకెట్" అనేవాడు. తీగ దగ్గర్నుంచి గాలి దాకా ఆ శబ్దం మొత్తం తెలిసిన మనిషి ఒకడుండేవాడు.

ఇప్పుడు అట్లాంటి మనిషి ఎక్కడున్నాడు?

కంప్యూటర్ తెలియక మాట్లాడుతున్నానని అనుకోకండి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు తగ్గాక, 2003 నుంచి పదేళ్లపాటు మా వైపే ఒక చిన్న రికార్డింగ్ గదిలో మౌస్ పట్టుకుని కూర్చున్నాను. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో వీఎస్టీ అనే పద్ధతి తెచ్చింది. బయటివాళ్లు తయారుచేసిన ఎఫెక్టును మన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకునే వీలు అది. అట్లా అమర్చుకునేదాన్నే ప్లగిన్ అంటారు. 1998లో లైన్ సిక్స్ వాళ్లు ఆంప్ ఫార్మ్ అని పేరు పెట్టి గిటార్ ఆంప్లిఫయర్లనే ప్లగిన్‌గా చేశారు. 2002లో యాంప్లిట్యూబ్, 2004లో గిటార్ రిగ్. వీటిలో ఆంపూ, పెడళ్లూ, క్యాబినెట్టూ అన్నీ ఒకే ఇంటివి. తర్వాత వచ్చిందే థర్డ్ పార్టీ వ్యవహారం. ఆంప్ ఒక కంపెనీది, దాని ముందు డ్రైవ్ పెడల్ ఇంకొకరిది, వెనక స్పీకర్ క్యాబినెట్ మూడోవారిది, ఈకో నాలుగోవారిది. పీవీ కంపెనీ రివాల్వర్ లాంటివైతే తమ ఆంపు గొలుసు మధ్యలోనే బయటి ప్లగిన్‌ను కూర్చోబెట్టుకోనిచ్చాయి. మిగతావాటికి రీపర్‌లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఒకదాని కింద ఒకటి పేర్చుకోవాలి. పిల్లలు పేరుస్తూనే ఉన్నారు.

మా చెల్లెలి మనవడు సూర్యాపేట నుంచి గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చి చైతన్యపురిలో ఉంటున్నాడు. నేనుండేది కొత్తపేట. వాడు ఫోన్ చేసి, "తాతా, ఒక్కసారి వచ్చి వింటవా, సౌండు కుదురుతలేదు" అన్నాడు. విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. ఒక్క స్టేషన్ దూరమే, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కాను. 2018లో ఈ వైపు మెట్రో మొదలయ్యేదాకా నేను గిటార్ భుజాన వేసుకుని ఈ దారంతా నడిచినవాణ్నే.

వాడి తెర మీద గొలుసు చూశాను. మొదట నాయిస్ గేట్, అనవసరపు చప్పుడును ఆపేది. తర్వాత ఆకుపచ్చ డ్రైవ్ పెడల్ బొమ్మ. తర్వాత ఆంపు. తర్వాత డబ్బు పెట్టి కొన్న క్యాబినెట్ ఫైలు. తర్వాత ఈక్వలైజర్, డిలే, రివర్బ్. ఏడింటికీ కలిపి అయిదు కంపెనీలు. ఒక హెడ్‌ఫోన్ నాకు పెట్టి వాయించాడు. వేళ్లు మంచివే. శబ్దం మాత్రం చచ్చిపోయి ఉంది.

"ఎట్లుంది తాతా?"

"దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుంది బిడ్డా. స్పీకర్లు ఎన్ని పెట్టినవ్?"

"స్పీకర్లేంది తాతా? ఇది సాఫ్ట్‌వేర్ గదా."

"సాఫ్ట్‌వేరైతే ఏంది? క్యాబినెట్ అంటే స్పీకరే. ఆంపు బొమ్మల లోపల ఒకటి ఉంటది చూడు. అది బంద్ చేసినవా?"

చెయ్యలేదు. ఆంపు ప్లగిన్‌లో దాని సొంత క్యాబినెట్ నడుస్తూనే ఉంది. దాని వెనక వీడు కొన్న క్యాబినెట్ ఇంకొకటి. గిటార్ కోసం వాడే పన్నెండంగుళాల స్పీకర్ అయిదు వేల హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని గట్టిగా కోసేస్తుంది. ఆ కోత వల్లే ఎలక్ట్రిక్ గిటార్ చెవికి ఇంపుగా ఉంటుంది. రెండుసార్లు కోస్తే ఇంకేం మిగులుతుంది? ఒక స్పీకర్ నోట్లోంచి ఇంకో స్పీకర్ మాట్లాడుతోంది. మా స్టేజీ మీద ఇట్లాంటి తప్పు చేద్దామన్నా కుదరదు, ఆంప్‌కు ఉన్నది ఒక్క స్పీకర్ వైరే. లోపలిది ఆపేయించాను. వాడు ఒక్క తంత్రి కొట్టి నా మొహం చూశాడు. తీగ మీద ప్లెక్ట్రమ్ ఆనిన చోటు కూడా తెలిసింది. నెలరోజుల నుంచి వాడు రాత్రిళ్లు ఈక్వలైజర్ తిప్పుతూ గడిపాడట, ఇంకో ప్లగిన్ కొందామా అని కూడా చూస్తున్నాడట.

తర్వాత ఇంకొకటి బయటపడింది. వేలు కదిలాక శబ్దం రావడం ఆలస్యం. కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. వీడు ఒక ముక్కకు 256 శాంపిళ్ల బఫర్ పెట్టాడు. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన అది దాదాపు 5.8 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, కలిపి పన్నెండుకు దగ్గర. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు ఒక అడుగు పైచిలుకు పోతుంది. అంటే ఆంప్‌కు పదమూడు అడుగుల దూరంలో నిలబడి వాయిస్తున్నట్టు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు, పెద్ద స్టేజీల మీద నేనూ అంత దూరం నిలబడ్డాను. కానీ వాడి నాయిస్ గేట్ రాబోయే శబ్దాన్ని ముందే చూసుకోవడానికి కొంత ఆలస్యం చేస్తుంది. ఈక్వలైజర్ లీనియర్ ఫేజ్ రకం, అది ఇంకా ఎక్కువ తింటుంది. రికార్డు అయిపోయిన ట్రాకులైతే మిగతావాటిని కూడా వెనక్కి జరిపి సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. అప్పుడే వాయిస్తున్న వేలికి మాత్రం పోయిన సమయం ఎక్కణ్నుంచి తెచ్చిస్తుంది? ఆ రెండింటినీ తీసేయించి బఫర్ 64కు దించాం. వాడు అప్పటిదాకా తాళం తప్పుతున్నానని బాధపడుతున్నాడు. వాడి తప్పు కాదది.

నన్ను లోతుగా బాధపెట్టేది ఇది కూడా కాదు. ఆ గొలుసులో ఒకదానికొకటి తెలియదు. దీన్ని ఓపికపట్టి వినండి.

మా మెకానిక్ రెండు ట్రాన్సిస్టర్లతో నాకొక ఫజ్ పెడల్ చేసిచ్చాడు. దాన్ని తగిలిస్తే అది గిటార్ పికప్ మీద బరువు వేసేది. గిటార్ మీద వాల్యూమ్ చిటికెడు తగ్గిస్తే ఫజ్ మొత్తం కరిగి తేటపడేది. అంటే వెనక ఉన్న పెడల్ ముందున్న గిటార్‌ను మార్చేది, గిటార్ పెడల్‌ను మార్చేది. అటు చివర కూడా అంతే. స్పీకర్ కదలిక మారేకొద్దీ అది ఆంప్ మీద వేసే బరువు మారేది, వాల్వు ఆంప్ దానికి జవాబిచ్చేది. వైరు రెండు వైపులా మాట్లాడేది. కంప్యూటర్ పద్ధతిలో గిటార్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా ఉంటుంది. గిటార్ శబ్దం అది దాటగానే అంకెలైపోతుంది. మొదటి ప్లగిన్ అంకెలు రెండోదానికి ఇస్తుంది, రెండోది మూడోదానికి. వెనక్కి ఎవరూ ఏమీ చెప్పరు. ఒకే ఇంట్లో చేసిన ఆంపూ క్యాబినెట్టూ అయితే చేసినవాళ్లు ఆ సంబంధాన్ని లెక్కగట్టి లోపల పెట్టగలరు, మంచివాళ్లు పెట్టారు కూడా. బయటి నుంచి తెచ్చిన క్యాబినెట్ ఫైలు ఒక ఫొటోలాంటిది. ఫొటో ఎంత అందంగా ఉన్నా పిలిస్తే పలకదు. పైగా ఒక్కో కంపెనీ గిటార్ ఎంత గట్టిగా లోపలికి వస్తుందని అనుకుని తన పెడల్ చేసిందో ఆ లెక్క వేరు. ఒకరి లెక్కకు తగ్గట్టు ఇచ్చిన శబ్దం ఇంకొకరి పెడల్‌కు ఎక్కువై మొహం మాడ్చేస్తుంది, తక్కువైతే నిద్రపోతుంది. ఇది పిల్లలకు ఎవరూ చెప్పరు. ఆంప్ మార్చు, పెడల్ మార్చు, ఇది కొను, అది కొను అనే చెబుతారు.

పాడైందనుకోండి, ఎవరి దగ్గరికి పోవాలి? ఆంప్ వాళ్లను అడిగితే పెడల్ ప్లగిన్ తీసి చూడమంటారు. పెడల్ వాళ్లు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తారు. వాళ్లేమో కంప్యూటర్ అప్‌డేట్ చేశారా అంటారు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. పెట్టె మీద చెయ్యి వేసి ఇదీ జబ్బు అని చెప్పే మనిషి మాత్రం దొరకడు.

నా జీవితంలో దీనివల్ల పోయినది ఒకటుంది. 2009లో నేనూ, నాతో ఇరవై ఏళ్లు రిథమ్ గిటార్ వాయించిన స్నేహితుడూ కలిసి మా సొంత బాణీ ఒకటి రికార్డు చేశాం. ఆయన గిటార్‌కు ఆ రికార్డింగ్ గదిలో ఉన్న ఒక ఆంప్ ప్లగిన్ పెట్టాం. దాని పేరు రాయను. దాని ముందు ఇంకొకరి ట్రెమోలో. ఆ రంగు కోసం ఆయన ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాడు, టీలు చల్లారిపోయాయి. దొరికినప్పుడు కళ్లు మూసుకుని అదే నాలుగు తంత్రులు పదిసార్లు వాయించాడు. ఆరేళ్ల తర్వాత ఆయన కాలం చేశాడు. వాళ్ల అమ్మాయి నాన్న వాయించినది కావాలని అడిగితే పాత హార్డ్‌డిస్క్ వెతికి కొత్త కంప్యూటర్‌లో తెరిచాను. డ్రమ్స్ వచ్చాయి, నా గిటార్ వచ్చింది. అది మైకు పెట్టి మా ఆంప్ నుంచి రికార్డు చేసినది. ఆయన ట్రాక్ దగ్గర మాత్రం ప్లగిన్ దొరకలేదని రాసి ఉంది. అది 32 బిట్ కాలపు ప్లగిన్, చేసినవాళ్లు కొత్తది చేయలేదు. మిగిలింది ఆంప్ తాకని ఉత్త తీగ చప్పుడు, హాస్టల్ గుమ్మంలో వినపడే ఆ టిక్కు టిక్కే. వేరే ప్లగిన్లతో ఆ రంగు తిరిగి కట్టాలని రెండు నెలలు ప్రయత్నించాను. దగ్గరికి వచ్చింది, అది మాత్రం కాలేదు. ఆ అమ్మాయికి అదే ఇచ్చాను.

ఇట్లా పోగొట్టుకున్నవాళ్లం మేమొక్కరమే కాదు. ఆపిల్ వాళ్లు 2019లో మ్యాక్ కంప్యూటర్లలో 32 బిట్ ప్రోగ్రాములు నడవకుండా చేశారు. పాత వీఎస్టీ 2 పద్ధతిలో కొత్త ప్లగిన్లు చేయదలచినవాళ్లకు దాని కిట్ ఇవ్వడం 2018లో ఆగిపోయింది. కొత్తది రావాలి, కాదనను. కానీ శబ్దం ఖాయం అనుకోగానే దాన్ని మామూలు ఆడియో ఫైలుగా ఒకటి, ఉత్త గిటార్ ఒకటి, రెండూ దాచుకోండర్రా. పది నిమిషాల పని. అప్పుడు మాకీ మాట చెప్పినవాడు లేడు. నేను చెబుతున్నాను, వినండి.

మనవడికి ఇదంతా చెబుతుంటే వాడు మధ్యలో, "తాతా, నీ ఆంప్ ఇంకా నడుస్తున్నదా?" అన్నాడు. నడుస్తోంది. వాల్వులు రెండుసార్లు మార్చాను, కండెన్సర్లు ఒకసారి. వాడి కళ్లు పెద్దవయ్యాయి. న్యూరల్ ఆంప్ మోడలర్ అని స్టీవెన్ అట్కిన్సన్ అనే ఆయన చేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఉందట. మూడు నిమిషాల పైచిలుకు పరీక్ష శబ్దాన్ని ఆంప్ గుండా పంపి రికార్డు చేస్తే, కంప్యూటర్ ఆ రెండింటినీ పోల్చుకుని ఆంప్ నడకను నేర్చుకుంటుందట. ఒకప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద సాఫ్ట్‌వేర్ల దొంగ సీడీలు కొని వైరస్‌లు తెచ్చుకున్న రోజుల కంటే ఇది వెయ్యి రెట్లు నయం, ఒప్పుకుంటాను. కానీ అది నేర్చుకునేది మీటలు ఆ క్షణంలో ఎక్కడున్నాయో అక్కడి నడకే. వాల్యూమ్ అయిదులో పెట్టి చేస్తే ఏడులో ఆ ఆంప్ ఎట్లా బొంగురుపోతుందో దానికి తెలియదు.

"స్పీకర్ వైరు పీకి, డైరెక్టు నా ఇంటర్‌ఫేస్ డబ్బాల పెట్టుకుంట తాతా" అన్నాడు. గట్టిగానే అరిచాను. వాల్వు ఆంప్‌ను స్పీకర్ లేకుండా ఆన్ చేసి వాయిస్తే చేత్తో చుట్టిన ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. చుట్టిన మనిషి ఇప్పుడు లేడు. స్పీకర్ అట్లాగే ఉంటుంది, ముందు మైకు పెట్టి తీసుకోమన్నాను. అప్పుడు ఆ ఫైలులో స్పీకర్ కూడా చేరిపోతుంది కాబట్టి దాని వెనక ఇంకో క్యాబినెట్ పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను.

ఆదివారం పదింటికి కొత్తపేటకు వస్తానన్నాడు. హెడ్‌ఫోన్లు తేవద్దన్నాను. కంప్యూటర్ మధ్యాహ్నం తెరుచుకోవచ్చు. అప్పటిదాకా కిటికీలు తీసిపెట్టి, ఆంప్ ముందు అయిదడుగుల దూరంలో కూర్చుని, ఒక్క మీట కూడా ముట్టుకోకుండా చేతులతోనే శబ్దం మార్చడం చూపిస్తాను. మేడమీద అద్దెకున్నవాళ్లకు ముందే చెప్పాను. వాళ్ల పాప వచ్చి కూర్చోవచ్చా అని అడిగింది.